32 సీట్లకు థిన్ క్లయింట్లు: పెట్టె చిన్నదే, దాని వెనకాల గది సంగతి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ ఆఫీసు, విజయవాడలో 27 కంప్యూటర్లు, ఏలూరు బ్రాంచిలో 5. అన్నీ పాతవే, విండోస్ 10. టాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), ఎక్సెల్, బ్రౌజర్ తప్ప పెద్దగా ఏమీ వాడరు. ఒక వెండర్ వచ్చి ఇవన్నీ తీసేసి ఒక సర్వర్, 32 థిన్ క్లయింట్లు (సొంతంగా పని చేయకుండా సర్వర్ తెరను చూపించే చిన్న పెట్టెలు) పెట్టుకోమన్నాడు. కరెంటు బిల్లు సగం అవుతుందనీ, మెయింటెనెన్స్ అనేదే ఉండదనీ చెప్పాడు. నమ్మొచ్చా అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా మన కోస్తా జిల్లాల్లో ఆఫీసులకు ఇదే పని చేస్తున్నాను. థిన్ క్లయింట్లు పెట్టించాను, రెండు చోట్ల పీకించాను కూడా. మీ పనికి ఇది సరిపోతుంది. కాకపోతే మీ వెండర్ చెప్పిన రెండు కారణాలూ తేలిపోయేవే. అసలు లాభం వేరే చోట ఉంది, అసలు ఖర్చు కూడా ఆయన చూపించని చోటే ఉంది.

ముందు కరెంటు లెక్క తీద్దాం. పాత డెస్క్‌టాప్ మామూలు పనిలో 60 వాట్ల దాకా లాగుతుంది, థిన్ క్లయింట్ 10 వాట్లు. మానిటర్ ఎలాగూ మారదు. అంటే సీటుకు 50 వాట్లు, 32 సీట్లకు 1,600 వాట్లు మిగులు. రోజుకు 9 గంటలు, నెలకు 26 రోజులు వేసుకుంటే దాదాపు 374 యూనిట్లు. బాగానే ఉంది. కానీ సర్వర్, స్విచ్‌లు కలిపి 350 వాట్లు అనుకోండి, అవి రాత్రీ పగలూ ఆదివారం కూడా నడుస్తాయి. నెలకు 252 యూనిట్లు. మిగిలిన 122 యూనిట్లను సర్వర్ ఉన్న గదిలోని ఏసీ మింగేస్తుంది. మే నెలలో విజయవాడలో ఆ ఏసీ ఆపే ధైర్యం ఎవరికీ ఉండదు. కాబట్టి బిల్లు సగం అవడం మాట అటుంచండి, తేడా కనిపిస్తే అదృష్టం.

అయితే ఇదే లెక్క యూపీఎస్ దగ్గర మీకు కలిసొస్తుంది. ఇప్పుడు 32 సీట్లు మానిటర్లతో కలిపి 2,500 వాట్ల పైనే. థిన్ క్లయింట్లు పెడితే సర్వర్‌తో కలిపి 1,300 దగ్గర ఆగుతుంది. అవే బ్యాటరీలు రెట్టింపు సేపు వస్తాయి. దీనికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. మీ బిల్లింగ్ కుర్రాడు నలభై ఐటమ్‌ల ఇన్‌వాయిస్ కొడుతున్నాడు, ముప్పై ఆరో లైన్‌లో ఉండగా టేబుల్ దగ్గర కరెంటు పోయింది. ఇప్పుడైతే మళ్లీ మొదటి నుంచి కొట్టాలి. థిన్ క్లయింట్‌లో అతను చూస్తున్నది సర్వర్ పంపే బొమ్మ మాత్రమే, పని జరిగేది సర్వర్‌లో. సర్వర్‌కు యూపీఎస్ ఉంటే చాలు. కరెంటు వచ్చాక మళ్లీ లాగిన్ అయితే కర్సర్ ఆ ముప్పై ఆరో లైన్‌లోనే మినుకుమినుకుమంటూ ఉంటుంది. ఇది ఒక్కసారి చూపిస్తే చాలు, అప్పటిదాకా సణిగిన స్టాఫంతా మెత్తబడతారు. నేను డెమోలో కావాలనే ప్లగ్ పీకి చూపిస్తాను.

రెండో లాభం టాలీ. ఇప్పుడు మీ డేటా ఒక కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో ఉండి ఉంటుంది. మిగతా వాళ్లంతా లాన్ మీదుగా దాన్ని తెరుస్తుంటారు. పది మంది ఎంట్రీ చేస్తుంటే ఒకరు స్టాక్ సమ్మరీ తీస్తే అందరూ ఆగి చూడాల్సిందే, ఎందుకంటే అంత డేటా వైరులో అటూ ఇటూ తిరుగుతుంది. టెర్మినల్ సర్వర్‌లో (అందరూ లాగిన్ అయి పని చేసే సర్వర్) టాలీ, దాని డేటా ఒకే మెషీన్‌లో పక్కపక్కనే ఉంటాయి. వైరులో వెళ్లేది స్క్రీన్ బొమ్మ, కీబోర్డు నొక్కులు మాత్రమే. మామూలు ఆఫీసు పనికి ఒక సెషన్‌కు 150 నుంచి 200 కేబీపీఎస్ చాలు. అందుకే ఏలూరు బ్రాంచి కూడా పక్క గదిలో ఉన్నట్టే పని చేస్తుంది. టాలీ మాత్రం గోల్డ్ ఉండాలి. సిల్వర్ ఒక్కరికే. సర్వర్ ఒకటే కదా అని సిల్వర్‌తో కానిచ్చేద్దాం అనుకోకండి.

ఇక ఖర్చు. కొటేషన్‌లో సర్వర్, పెట్టెలు, ఇన్‌స్టలేషన్ అని మూడు లైన్లే ఉన్నాయన్నారు. లైసెన్సుల లైన్ ఏది? ఇది గట్టిగా అడగండి. విండోస్ సర్వర్ లైసెన్సు ఒకటి, ప్రతి సీటుకు సర్వర్ క్యాల్ (సర్వర్‌ను వాడుకునే అనుమతి లైసెన్సు) ఒకటి, దాని మీద మళ్లీ రిమోట్ డెస్క్‌టాప్ (సర్వర్ తెరను వేరే చోట నుంచి వాడే పద్ధతి) క్యాల్ ఇంకొకటి. ఆఖరిది తక్కువేమీ కాదు, ఒక్కోసారి థిన్ క్లయింట్ ధరతో పోటీ పడుతుంది. పెట్టెలో లైనక్స్ ఉన్నా సరే, విండోస్ సర్వర్‌లోకి వస్తే క్యాల్ కట్టాల్సిందే.

లైసెన్సు పెట్టకపోయినా మొదట్లో అంతా బ్రహ్మాండంగా నడుస్తుంది. అక్కడే మోసపోతారు. మైక్రోసాఫ్ట్ 120 రోజులు గడువు ఇస్తుంది. నాకు తెలిసిన ఒక ఆఫీసులో వెండర్ ఆ గడువు మీదే అంతా పెట్టేసి, డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. సరిగ్గా నాలుగు నెలలకు ఒక సోమవారం పొద్దున ఒక్కరు కూడా లాగిన్ కాలేకపోయారు. లైసెన్స్ సర్వర్ అందుబాటులో లేదని ప్రతి స్క్రీన్ మీదా ఒకే మెసేజ్. వెండర్ ఫోన్ స్విచాఫ్. ఓనర్ గారు నాకు ఫోన్ చేసి ‘వైరస్ వచ్చిందండీ’ అన్నారు. వైరస్ కాదండీ, బిల్లు వచ్చింది అన్నాను. అప్పటికప్పుడు క్యాల్స్ కొని ఎక్కించేసరికి బుధవారం అయింది.

క్యాల్‌లో యూజర్, డివైస్ అని రెండు రకాలు. మీ దగ్గర ఒకే సీటులో రెండు షిఫ్టుల వాళ్లు కూర్చుంటే డివైస్ క్యాల్ లాభం. ఒకే మనిషి ఆఫీసులో, ఇంట్లో, ల్యాప్‌టాప్‌లో కూడా వాడితే యూజర్ క్యాల్. ఇంకో చిక్కు కూడా ఉంది. డొమైన్ (అందరి లాగిన్లనూ సర్వర్ ఒక్కచోటే చూసుకునే ఏర్పాటు) పెట్టకుండా వర్క్‌గ్రూప్‌లోనే (ఏ మెషీన్ లాగిన్లు ఆ మెషీన్‌వే) నడిపిస్తూ యూజర్ క్యాల్స్ వేస్తే సర్వర్ 2019 నుంచి గంటకోసారి సెషన్ తెగిపోతుంది. చిన్న ఆఫీసుల్లో ఈ తప్పు చాలా చూశాను. డొమైన్ వద్దనుకుంటే డివైస్ క్యాల్సే కొనండి.

ఎమ్మెస్ ఆఫీస్ కూడా చూసుకోండి. ఇప్పుడు ఒక్కో కంప్యూటర్‌కు కొన్న ఆఫీస్ సర్వర్‌లో పనికిరాదు. వాల్యూమ్ లైసెన్సు గానీ, మైక్రోసాఫ్ట్ 365లో షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్ (ఒకే మెషీన్‌లో చాలామంది వాడుకునే అనుమతి) ఉన్న ప్లాన్ గానీ కావాలి. బిజినెస్ స్టాండర్డ్‌లో అది లేదు, బిజినెస్ ప్రీమియంలో ఉంది. మీ 32 మందిలో నిజంగా ఎక్సెల్‌తో కుస్తీ పట్టేవాళ్లు ఎంతమందో లెక్కేయండి. మిగతా వాళ్లకు లిబ్రేఆఫీస్ చాలు.

‘మామూలు విండోస్ 11 ప్రో వేసి, ఏదో చిన్న ఫైలు మార్చితే పది మంది లాగిన్ కావచ్చు’ అని ఎవరైనా చెబితే దండం పెట్టి పంపించేయండి. లైసెన్సు ప్రకారం అది తప్పు. పైగా ప్రతి పెద్ద అప్‌డేట్‌కూ పగిలిపోతుంది.

సర్వర్ సైజు గురించి. టాలీ, ఎక్సెల్, క్రోమ్‌లో నాలుగైదు ట్యాబులు అంటే మనిషికి రెండున్నర జీబీ ర్యామ్ వేసుకోండి. 32 మందికి 80, విండోస్‌కు ఇంకొంత. 128 జీబీ తీసుకుంటే నిశ్చింత. టాలీ పెద్దగా తినదు, తినేది క్రోమే. ప్రాసెసర్‌కు మైక్రోసాఫ్ట్ చెప్పే కొలత, మధ్యరకం వాడకమైతే ఒక వర్చువల్ కోర్‌కు నలుగురు. ఆ లెక్కన 8 సరిపోవాలి గానీ నేను 16 ఫిజికల్ కోర్లు పెట్టిస్తాను. విండోస్ సర్వర్ లైసెన్సు ఎలాగూ 16 కోర్ల కంటే తక్కువకు అమ్మరు. డిస్కులు మాత్రం ఎస్ఎస్‌డీలే ఉండాలి, రెండు మిర్రర్‌లో (ఒకదాని కాపీ ఇంకోదాంట్లో). పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ ఒకేసారి లాగిన్ అయ్యే పది నిమిషాల్లో పాత హార్డ్ డిస్కులు చేతులెత్తేస్తాయి. విండోస్ సర్వర్ స్టాండర్డ్ లైసెన్సుతో రెండు వర్చువల్ మెషీన్లు (ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) నడుపుకోవచ్చు. ఒకదాంట్లో డొమైన్, ఫైళ్లు, లైసెన్స్ సర్వీసు, రెండోదాంట్లో మనుషుల సెషన్లు. రెండూ కలిపి ఒకే దాంట్లో పెట్టొద్దు.

‘మెయింటెనెన్స్ ఉండదు’ అన్న మాట దగ్గరికి వద్దాం. 32 చోట్ల ఉన్న మెయింటెనెన్స్ ఒక చోటికి వస్తుంది. మంచిదే. అప్‌డేట్ ఒకసారి, యాంటీవైరస్ ఒకసారి, బ్యాకప్ ఒకసారి. పెట్టె పాడైతే స్టోర్ నుంచి ఇంకోటి తెచ్చి తగిలిస్తే ఐదు నిమిషాల పని, డేటా పోయేది లేదు. కానీ ఇప్పుడు ఒక కంప్యూటర్ చెడితే ఒక్కరే ఖాళీగా కూర్చుంటారు. రేపు సర్వర్ చెడితే 32 మంది కూర్చుంటారు.

ఇది నాకు తగిలిన దెబ్బే కాబట్టి దాచకుండా చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక ట్రేడింగ్ ఆఫీసులో పద్దెనిమిది సీట్లు పెట్టాను. ఖర్చు తగ్గిద్దామని సర్వర్‌కు ఒకే పవర్ సప్లై తీసుకున్నాం. నేనే సరే అన్నాను. ఒక నెల 20వ తేదీ, జీఎస్టీ త్రీబీ (నెలవారీ రిటర్ను) ఆఖరి రోజు, పదకొండు గంటలకు టప్ మని చిన్న శబ్దం, కాలిన వాసన. ఆ మోడల్ పవర్ సప్లై ఊళ్లో దొరకలేదు, హైదరాబాద్ నుంచి మర్నాడు వచ్చింది. రిటర్ను లేట్ ఫీజు రోజుకు 50 రూపాయలే, అది కాదు బాధ. పద్దెనిమిది మంది కుర్చీలు తిప్పుకుంటూ నన్నే చూస్తుంటే, అకౌంటెంట్ గారు పాత రోజుల్లోలా కార్బన్ పేపర్ పెట్టి చేత్తో బిల్లులు రాయించారు. ఆ రోజు నుంచి రెండు పవర్ సప్లైలు లేని సర్వర్ నేను ముట్టుకోను. దాంతోపాటు ఇంకో మెషీన్, కాస్త పాతదైనా సరే, పక్కన ఉంచి హైపర్-వీ రెప్లికాతో (విండోస్ సర్వర్‌లోనే ఉండే సౌకర్యం) మెయిన్ సర్వర్ కాపీ నడిపిస్తాను. దానికీ సర్వర్ లైసెన్సు కావాలి, అది కూడా ఖర్చులో వేసుకోండి. మెయిన్ సర్వర్ పోతే అది నెమ్మదిగానైనా బండి లాగుతుంది.

సర్వర్‌తో పాటు స్విచ్, కేబుళ్లు కూడా అంతే ముఖ్యం. మీది ఆటోనగర్ అంటున్నారు, గోడౌన్ పక్కనే ఉంటుంది, ఎలుకలు ఖాయం. ఫాల్స్ సీలింగ్‌లో వదిలేసిన కేబుల్‌ను ఎలుక కొరికితే ఇప్పుడు నెట్, టాలీ పోతాయి, ఎక్సెల్ లాంటి పనైనా సాగుతుంది. రేపు పనంతా ఆగిపోతుంది. కేబుళ్లన్నీ పైపుల్లోంచి తీయించండి, ఒక స్విచ్ స్పేర్ ఉంచండి. ఇది చెబితే ఓనర్లు నవ్వుతారు, నేను మాత్రం సీలింగ్ ఎక్కి చూడందే కొటేషన్ ఇవ్వను.

ఇక ప్రింటర్లు. థిన్ క్లయింట్ ఆఫీసుల్లో నాకు వచ్చే ఫోన్లలో సగం వీటి గురించే. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌ను టేబుల్ మీద పెట్టెకు తగిలించి, రిమోట్ సెషన్‌లోకి పంపిస్తే కనిపిస్తుంది. కానీ దాని పేరు చివర ‘రీడైరెక్టెడ్ 7’ అని సెషన్ నంబరు చేరుతుంది. రేపు లాగిన్ అయితే అది 12 అవుతుంది. టాలీ నిన్నటి పేరునే పట్టుకుని ప్రింటర్ లేదు అంటుంది. బిల్లింగ్ కౌంటర్ దగ్గర కస్టమర్ నిలబడి ఉంటాడు. అందుకని బిల్లింగ్ ప్రింటర్లకు నెట్‌వర్క్ కార్డు గానీ, చిన్న ప్రింట్ సర్వర్ డబ్బా గానీ పెట్టి, ఫిక్స్‌డ్ ఐపీ ఇచ్చి, సర్వర్‌లోనే ఇన్‌స్టాల్ చేయించండి. పేరు మారదు. బార్‌కోడ్ ప్రింటర్లకూ అదే మందు.

డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు (ఆన్‌లైన్ సంతకానికి వాడే యూఎస్‌బీ ముక్కలు) ఇంకో తలనొప్పి. చాలామంది టోకెన్‌ను తీసుకెళ్లి సర్వర్‌కే గుచ్చుతారు. రిమోట్ సెషన్ నుంచి అది కనిపించదు. రిమోట్ డెస్క్‌టాప్ మీరు కూర్చున్న వైపు ఉన్న స్మార్ట్‌కార్డులనే చూస్తుంది. టేబుల్ వైపు పెట్టెలో గుచ్చితే, దానికి సరైన సపోర్టు ఉంటే పని చేస్తుంది. పైగా ఎంసైనర్ లాంటి సంతకం సాఫ్ట్‌వేర్లు మెషీన్‌లో ఒక పోర్టు పట్టుకుని కూర్చుంటాయి, ఒకే సర్వర్‌లో ఇద్దరు తెరిస్తే ఒకరిది మొరాయిస్తుంది. నేను దీంతో కుస్తీ పట్టడం ఎప్పుడో మానేశాను. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ చూసేవాళ్లకు మామూలు కంప్యూటర్లు రెండు ఉంచేస్తాను. మీ ఆఫీసులో అను ఫాంట్లతో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొటేషన్లు, పాంప్లెట్లు చేసేవాళ్లుంటే వాళ్లకూ విడి కంప్యూటరే మంచిది. యూనికోడ్ తెలుగు సర్వర్‌లో చక్కగా నడుస్తుంది గానీ, ఒక్కోసారి పెట్టె తన ఇంగ్లిష్ కీబోర్డును సెషన్‌లోకి తోసేస్తుంది. తెలుగు పెట్టుకున్నా మళ్లీ మళ్లీ పోతుంది. సర్వర్ రిజిస్ట్రీలో ఇగ్నోర్‌రిమోట్‌కీబోర్డ్‌లేఅవుట్ అనే విలువ 1 పెడితే ఆగుతుంది. వీడియో మీటింగులు కూడా సర్వర్ మీదుగా ఏడిపిస్తాయి, వాటికి ఫోనో ల్యాప్‌టాపో వాడమనండి.

స్టాఫ్‌కు ఒక్క అలవాటు మాత్రం గట్టిగా నేర్పాలి. సాయంత్రం పైన ఎక్స్ కొట్టి వెళ్లిపోతారు. అది లాగాఫ్ కాదు, సెషన్ లోపల బతికే ఉంటుంది. టాలీ కంపెనీ తెరిచే ఉంటుంది, క్రోమ్ ర్యామ్ తింటూనే ఉంటుంది. రాత్రి బ్యాకప్‌కు ఫైళ్లు దొరకవు. డిస్కనెక్ట్ అయిన సెషన్ రెండు మూడు గంటల తర్వాత మూసుకునేలా పాలసీ పెట్టించండి. మరీ పదిహేను నిమిషాలు పెడితే మళ్లీ ఆ ముప్పై ఆరో లైన్ కథ మొదటికొస్తుంది.

ఏలూరు బ్రాంచి కోసం మీ వెండర్ ‘రూటర్‌లో పోర్టు ఓపెన్ చేస్తే చాలు’ అన్నాడని రాశారు. దీన్ని మాత్రం ఒప్పుకోకండి. రిమోట్ డెస్క్‌టాప్ 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవడమంటే వీధి తలుపు తీసి నిద్రపోయినట్టే. నంబరు మార్చి 3390 పెట్టినా దొంగలకు పెద్ద తేడా ఉండదు. 2019లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండానే లోపలికి రావచ్చని తేలింది. పాత విండోస్ ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్ ప్యాచ్ ఇచ్చింది. ఒక రైస్‌మిల్లు ఆఫీసుకు నన్ను పిలిచేసరికి ఫైళ్లన్నిటికీ వింత తోకలు మొలిచి ఉన్నాయి, డెస్క్‌టాప్ మీద డబ్బులడిగే నోట్ ఉంది. బ్యాకప్ హార్డ్ డిస్క్ ఎక్కడండీ అంటే ‘సర్వర్‌కే పెట్టి ఉంచాం సార్’ అన్నారు. అది కూడా లాకైపోయింది. కాబట్టి ఏలూరుకు వీపీఎన్ (రెండు ఆఫీసుల మధ్య బయటివాళ్లు చూడలేని దారి), అక్కడ రెండు ఇంటర్నెట్ లైన్లు, ఒకటి ఫైబర్, రెండోది 4జీ అయినా ఫరవాలేదు. బ్యాకప్ డిస్కులు మార్చిమార్చి వాడండి, ఒకటి ఎప్పుడూ ఇంట్లో బీరువాలో ఉండాలి.

ఇదంతా విన్నాక నా సలహా. థిన్ క్లయింట్లు ఇప్పుడే కొనకండి. మీ పాత కంప్యూటర్లకు 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మామూలు సపోర్టు అయిపోయింది, వాటిలో ఎక్కువ భాగం విండోస్ 11కు పనికిరావు. కానీ వాటిలో చిన్న లైనక్స్ వేసి, ఆన్ చేయగానే నేరుగా సర్వర్ లాగిన్ వచ్చేలా రెమ్మినా (రిమోట్ డెస్క్‌టాప్ తెరిచే ప్రోగ్రాం) పెడితే అవే థిన్ క్లయింట్లు. హార్డ్ డిస్క్ పోయినా అందులో పోవడానికి ఏమీ ఉండదు. సర్వర్, లైసెన్సులు, కేబుళ్ల మీద ముందు డబ్బు పెట్టండి. ఏడెనిమిది సీట్లతో మొదలుపెట్టి, అందులో ఒక బిల్లింగ్ కౌంటర్, ఒక ఏలూరు సీటు ఉండేలా చూసి, జీఎస్టీ రిటర్నుల గడువులైన 11వ తేదీ, 20వ తేదీ రెండూ దాటనివ్వండి. ఆ 120 రోజుల గడువును ట్రయల్‌కు వాడుకోవడంలో తప్పు లేదు, అది అందుకే ఇచ్చారు. అది బాగుంటే మిగతావి మార్చండి. పాత డబ్బాలు చనిపోయిన కొద్దీ ఒక్కోటి కొత్త థిన్ క్లయింట్ కొనుక్కోండి. పెట్టెలు ఎక్కడికీ పారిపోవు, హైదరాబాద్‌లోనే తయారుచేసే కంపెనీ ఉంది.

మీ పనంతా బ్రౌజర్‌లోనే అయ్యుంటే ఇదంతా అక్కర్లేదనేవాడిని. టాలీ ఉంది కాబట్టే ఇంత రాశాను.

వెండర్‌తో మళ్లీ కూర్చునే ముందు రెండు పనులు చేయండి. కొటేషన్‌లో క్యాల్స్ ఎన్ని, ఏ రకం, ఎవరి పేరు మీద అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఏలూరు నుంచి మీ విజయవాడ ఆఫీసు ఐపీకి పొద్దున పదకొండుకు, సాయంత్రం ఆరుకు పింగ్ (కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం చూపే కమాండ్) కొట్టి ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. 60 మిల్లీసెకన్ల లోపు నిలకడగా ఉంటే దిగులు లేదు. ఎగుడుదిగుడుగా 200 దాటుతుంటే ముందు అక్కడి నెట్ సంగతి చూద్దాం.